లదాఖ్ వెళ్తున్న మేనకోడలికి

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మలూ,

పైవెంట్రుకల కింద మెత్తటి నూగు, అదే పష్మీనా, ఇచ్చే చాంగ్‌తాంగీ మేకల మీద థీసిస్‌కి లదాఖ్ వెళ్తున్నావని మీ అమ్మ కళ్ళొత్తుకుంటూ చెప్పింది. నాకైతే వీధంతా చాటాలనిపించింది. కానీ "నూగు సన్నదనం జన్యువును పట్టుకుంటా" అన్నావట. అలాంటిది ఒక్కటి ఎక్కడా దాక్కుని లేదే తల్లీ! ఎన్నో జన్యువులు తలా కాస్త లాగుతాయి. ఎఫ్‌జీఎఫ్5 అనే జన్యువు పనిచెయ్యకపోతే నూగు పొడుగవుతుంది. మందం సంగతి వేరు.

నమూనా తియ్యడం నీకు తెలిసిందే: వసంతంలో, దువ్వకముందే, డొక్క మధ్యనుంచి. పైవెంట్రుకలు ఏరేసి, కడిగి కొలిపించు.

నా భయమల్లా ఆకలి సన్నదనం గురించి. గొర్రెలవాళ్ళూ మేకలవాళ్ళూ ఎన్నాళ్ళుగానో పడుతున్న గొయ్యి అది. జూన్ చివర పొద్దు తగ్గడం మొదలయ్యాక నూగు పెరుగుతుంది, డిసెంబరు దాకా. ఆ నెలల్లో మేత చాలకపోతే నూగు సన్నబడుతుంది, తూకమూ పడిపోతుంది. ఒకే జాతి మందలు రెండున్నాయనుకో. గడ్డిలేని చోట నూగు మందం సగటు 12.5 మైక్రాన్లు (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మేత దొరికినచోట 13.5. మొదటి మందలో 12.3 పోతు కనబడగానే మనసు లాగుతుంది. రెండో మందలో పోతు 12.7. కానీ అది తోటివాటికంటే 0.8 సన్నం, మొదటిది 0.2 మాత్రమే. ఎంచాల్సింది రెండోదాన్ని. మొదటిదాని పిల్లలకు కడుపునిండా మేత పడిందా, ఆ సన్నదనం కాస్తా పోతుంది.

వయసుతోనూ నూగు ముదురుతుంది, పోతులది పెంటిమేకలకంటే మందం. అందుకే ఒకే మంద, ఒకే ఈడు, మగైతే మగతోనే పోల్చు. గుణుపురం సంతలో మేకల నోళ్ళు తెరిచి పళ్ళు లెక్కపెట్టేదానివి కదూ, అదే పని అక్కడా చెయ్యి: పాలపళ్ళే ఉంటే ఏడాది అటూఇటూ, ఎనిమిదీ పెద్దపళ్ళయితే సుమారు నాలుగేళ్ళు.

వారసత్వ గుణకం, అంటే మేకల మధ్య తేడాలో జన్యువుల వాటా, 0.5 అనుకుంటే, ఆ 0.8 పోతును మామూలు మేకలకు కట్టినా పిల్లల్లో దిగేది అందులో సగం, దాన్లోనూ తండ్రి వాటా సగం: 0.2 మైక్రానే. కంగారు పడకు. సన్నదనం ఒక్కదాని వెంటే పడితే నూగు తూకం తగ్గుతుంది, కాపరికి డబ్బొచ్చేది తూకానికి. రెండూ కలిపి ఎంచు.

పోతులన్నీ కలిసి తిరిగే మందలో తండ్రి పేరు నోటిమాట మీద రాసుకోకు. తండ్రి తప్పితే గుణకం తక్కువగా తేలుతుంది. తండ్రిని డీఎన్‌ఏతో తేల్చడానికి రక్తం ఈడీటీఏ (గడ్డకట్టనివ్వని మందు) గొట్టంలో తీసి, చెవిపోగు నంబరు గొట్టం మీదా, పుస్తకంలోనూ వెంటనే రాయి.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. దిగాక రెండు రోజులు గది కదలకు. తలనొప్పి తగ్గకుండా ఇంకా ఎత్తైన చాంగ్‌తాంగ్ పీఠభూమి ఎక్కావో, నేనే వచ్చి చెవి మెలేస్తా! మొదటి కొలతలు పంపేటప్పుడు మంద, వయసు, మేత పక్కనే రాయి. ఉత్త మైక్రాన్లు పంపితే చూడను.

మావయ్య