ఢిల్లీలో స్థానిక ఉద్యోగిగా చేరితే అంతర్జాతీయ అధికారిగా ఎదగవచ్చా? ఐక్యరాజ్యసమితి ఎంపికలు న్యాయంగా జరుగుతాయా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి సంస్థ ఒకదానిలో జి-6 స్థాయి (స్థానికంగా నియమించే సహాయక వర్గపు) ఉద్యోగం వచ్చింది కాబట్టి, అందులో చేరితే సీనియారిటీ మీద అంతర్జాతీయ అధికారి స్థాయికి చేరవచ్చా అన్నది మొదటిది. ఆ పై ఉద్యోగాలకు ఎంపికలు నిజంగా న్యాయంగా జరుగుతాయా, లేక మనిషిని ముందే అనుకుని తరువాత ప్రకటన ఇస్తారా అన్నది రెండోది. దాదాపు ముప్పై ఏళ్ల క్రితం నేనూ ఢిల్లీలోనే, అటువంటి కార్యాలయంలోనే, జి-5గా చేరాను. తరువాత అంతర్జాతీయ హోదాలో ఆఫ్రికాలోనూ ఐరోపాలోనూ పనిచేశాను. ఎంపిక కోసం ఎదురుచూసిన అభ్యర్థిగానూ, ఎంపిక చేసిన ప్యానెల్ సభ్యురాలిగానూ ఈ వ్యవస్థను చూశాను.

మొదటి ప్రశ్నకు సమాధానం: సీనియారిటీ మీద ఎదగలేరు. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. సీనియారిటీ జాబితాలో తన పేరు ఎక్కడుందో, తన వంతు ఎప్పుడు వస్తుందో ఆయనకు తెలుసు. సమితిలో అటువంటి జాబితా లేదు. ఒకే గ్రేడులో జీతం మెట్టు మెట్టుగా పెరుగుతుంది గాని, అంతర్జాతీయ అధికారుల గ్రేడైన పి-3లో పదేళ్లు ఎంత బాగా పనిచేసినా పై గ్రేడు పి-4 తనంతట తాను రాదు. ఎక్కడో ఒక ఖాళీ ఏర్పడి, దానికి ప్రకటన వెలువడితే, బయటివారితో సమానంగా మీరూ దరఖాస్తు పెట్టి, రాత పరీక్ష, ఇంటర్వ్యూ మళ్లీ మొదటి నుంచి ఎదుర్కోవలసిందే. అక్కడ ప్రమోషన్ అనే మాటకు అర్థం, కొత్త ఉద్యోగానికి ఎంపిక కావడమే.

దీనికి తోడు జనరల్ సర్వీస్ వర్గానికీ (జి-1 నుంచి జి-7), ప్రొఫెషనల్ వర్గానికీ (పి-1 నుంచి పి-5, ఆపైన డి-1, డి-2) మధ్య ఒక గోడ ఉంది. సమితి సచివాలయంలో ఆ గోడ దాటడానికి పోటీ పరీక్షనే మార్గంగా సమితి సాధారణ సభ 1970ల చివర్లో నిర్ణయించింది. తరువాత ఆ పరీక్షను 2011లో ప్రారంభమైన, యువతను పోటీ పరీక్షతో ప్రొఫెషనల్ వర్గంలోకి తీసుకునే యువ ప్రొఫెషనల్స్ కార్యక్రమంలో కలిపారు. అనుబంధ సంస్థల్లో నిబంధనలు వేరువేరుగా ఉంటాయి. కొన్నింటిలో స్థానిక ఉద్యోగులు నేరుగా పి-స్థాయి ఖాళీలకు దరఖాస్తు చేయవచ్చు. చేయగలిగినా, మీ అనుభవాన్ని ఎలా లెక్కిస్తారన్నదే అసలు చిక్కు. మాస్టర్స్ డిగ్రీతో పి-2కు సాధారణంగా రెండేళ్లు, పి-3కి ఐదేళ్లు, పి-4కు ఏడేళ్లు, పి-5కు పదేళ్ల అనుభవం అడుగుతారు. ఢిల్లీలో నేను తొమ్మిదేళ్లు ప్రాజెక్టు బడ్జెట్లు తయారుచేశాను, దాతలకు నివేదికలు రాశాను, పి-4 అధికారి సెలవులో ఉన్నప్పుడు ఆయన పనంతా చూశాను. ఆ తొమ్మిదేళ్లూ సహాయక వర్గంలో గడిచాయి కాబట్టి ప్రొఫెషనల్ అనుభవం కిందికి రావని నాకు చెప్పారు. చివరకు రాజీనామా చేసి, ఒక స్వచ్ఛంద సంస్థలో రెండేళ్లు పనిచేసి, బయటి అభ్యర్థిగా పి-2 ఉద్యోగం తెచ్చుకున్నాను. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు. నా పక్క కుర్చీలో అదే గ్రేడులో కూర్చున్న సహోద్యోగికి ఇరవై ఏడు.

ఆ సహోద్యోగి వచ్చిన దారి గురించి కూడా మీకు తెలియాలి. జూనియర్ ప్రొఫెషనల్ ఆఫీసర్ల పథకం 1961 నుంచి ఉంది. ఒక ప్రభుత్వం ఖర్చు భరించి, ఎక్కువగా తన దేశపు యువతీయువకులనే, రెండు మూడేళ్ల పాటు సమితి సంస్థల్లో పనిచేయడానికి పంపుతుంది. ఖర్చు భరించగలిగేవి ధనిక దేశాలు. వర్ధమాన దేశాల అభ్యర్థులకు కూడా డబ్బిచ్చే నెదర్లాండ్స్ వంటి దేశాలు ఉన్నాయి గాని, ఆ స్థానాలు కొద్ది. ఇలా వచ్చినవారు చాలామంది సమర్థులే, వారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కాని పాస్‌పోర్టును బట్టి తెరుచుకునే తొలి అనుభవం తరువాతి ప్రతి పోటీలోనూ యోగ్యతగా లెక్కకు వస్తుంది. ఎన్ని నిబంధనలు సవరించినా ఈ తేడా పోదు. సచివాలయంలో జీతం లేని ఇంటర్న్‌షిప్ విషయంలోనూ ఇదే జరుగుతుంది: న్యూయార్క్‌లోనో జెనీవాలోనో ఆరు నెలలు సొంత ఖర్చుతో ఉండగలిగిన కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్ని ఉంటాయి?

ఇక రెండో ప్రశ్న. సమితి చార్టర్ 101వ అధికరణం ఉద్యోగి ఎంపికలో అన్నిటికన్నా ముందు చూడవలసినవి సామర్థ్యం, యోగ్యత, నిజాయితీ అని చెప్పి, ఆ తరువాతే వీలైనంత విశాలమైన భౌగోళిక ప్రాతినిధ్యాన్ని దృష్టిలో ఉంచుకోవాలంటుంది. ఉద్యోగులు ఏ ప్రభుత్వం నుంచీ ఆదేశాలు తీసుకోకూడదని 100వ అధికరణం చెబుతుంది. కనుక పి-స్థాయి ఉద్యోగానికి విదేశాంగ శాఖ సిఫార్సు కావాలని మీకెవరైనా చెబితే నమ్మకండి. అత్యున్నత స్థానాల సంగతి వేరు: ఏ పదవీ ఏ ఒక్క దేశానికీ సొంతం కాకూడదని సాధారణ సభ తీర్మానించినప్పటికీ, శాంతి పరిరక్షణ విభాగానికి 1997 నుంచి ఫ్రాన్స్ వారే, మానవతా వ్యవహారాల విభాగానికి 2007 నుంచి బ్రిటన్ వారే అధిపతులుగా ఉంటూ వచ్చారు. ఇవి బహిరంగంగా అందరికీ కనబడే విషయాలు. మీ స్థాయిలో అన్యాయం జరిగితే అది ఇలా కనబడదు.

రాత పరీక్ష జవాబు పత్రాల నుంచి పేర్లు తీసేసి దిద్దిస్తారు. ఇంటర్వ్యూ ప్యానెల్‌లో సాధారణంగా కనీసం ముగ్గురుంటారు, వారిలో ఒక మహిళ, ఆ విభాగానికి బయటి వ్యక్తి ఒకరు ఉంటారు. నేను కూర్చున్న ప్యానెళ్లలో చాలావరకు మనస్ఫూర్తిగా న్యాయం చేయాలనే చూశాయి. అయితే మా ముందుకు అభ్యర్థులు వచ్చేసరికే కొన్ని నిర్ణయాలు జరిగిపోయి ఉండేవి. ఖాళీ ఏర్పడగానే దాన్ని నింపడానికి నెలలు పడుతుంది కాబట్టి ఒకరిని తాత్కాలికంగా కూర్చోబెడతారు. ఆయన ఏడాది పాటు ఆ పని చేస్తాడు. తరువాత ప్రకటన రాసేవారు ఆ పనిని కళ్ల ముందు చూస్తూనే రాస్తారు: ఫలానా పద్ధతిలో నివేదికలు తయారుచేసిన అనుభవం, ఫలానా ప్రాంతంలో పనిచేసిన అనుభవం వాంఛనీయం. ఏ ఒక్క వాక్యమూ నిబంధనకు విరుద్ధం కాదు. అన్నీ కలిపి చదివితే ఒకే మనిషి రూపం కనబడుతుంది. అందువల్ల న్యాయం గురించి పట్టించుకునేవారు ఇంటర్వ్యూ మార్కులకన్నా ముందు చూడవలసినవి తాత్కాలిక నియామకం ఎలా జరిగింది, ప్రకటనలోని అర్హతలు ఎవరు రాశారు అన్నవే.

నేను పి-4కు పోటీపడినప్పుడు ఇదే జరిగిందని నమ్మాను. నిర్ణయం తెలిసిన 60 రోజుల్లోపు యాజమాన్య సమీక్ష, అంటే ఆ నిర్ణయాన్ని యాజమాన్యమే మళ్లీ పరిశీలించడం, కోరాలి, కోరాను. నియమాల ప్రకారమే ఎంపిక జరిగిందని జవాబు వచ్చింది. ఆ తరువాత 90 రోజుల్లో, సమితి ఉద్యోగుల ఫిర్యాదులు వినే వివాదాల ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. 2009 జులైలో పని మొదలుపెట్టిన ఆ ట్రైబ్యునల్ న్యూయార్క్, జెనీవా, నైరోబీల్లో ఉంది. ఉద్యోగులకు ఉచితంగా న్యాయ సహాయం చేసే కార్యాలయమూ ఉంది. అక్కడి న్యాయవాది నాకు ఓపికగా వివరించారు: అభ్యర్థిత్వాన్ని పూర్తిగా, న్యాయంగా పరిశీలించామని యాజమాన్యం కనీసంగా చూపించగలిగితే చాలు, కాదని స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యంతో నిరూపించవలసిన భారం ఉద్యోగి మీద పడుతుందని అప్పీళ్ల ట్రైబ్యునల్ 2011లోనే చెప్పింది. నా దగ్గర అటువంటి సాక్ష్యం లేదు. గడువు తేదీ తరువాత ప్రకటన వెబ్‌సైటు నుంచి పోయింది, నేను దాచుకోలేదు. ఎవరు ఎప్పుడు తాత్కాలికంగా చేరారో రాసి పెట్టుకోలేదు. నేను ముందుకు వెళ్లలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అయినా ఉద్యోగినిగా నాకు ఆ తలుపు తట్టే హక్కయినా ఉండింది. బయటి అభ్యర్థులకు ఆ ట్రైబ్యునల్‌కు వెళ్లే అవకాశమే లేదు.

మనవాళ్లను దెబ్బతీసే మరో విషయం నేను ప్యానెల్‌లో కూర్చున్నాకే గ్రహించాను. "మీరు ఒక కష్టమైన సమస్యను పరిష్కరించిన సందర్భం చెప్పండి" అని అడిగితే, మన వైపు నుంచి వచ్చినవారు "మేము చేశాం, మా టీం చేసింది, సార్ మార్గదర్శనంలో పూర్తయింది" అని చెబుతారు. నేను చేశాను అనడం మన పెంపకంలో గొప్పలు చెప్పుకోవడం. కాని మార్కులు వేసే కాగితంలో అభ్యర్థి స్వయంగా ఏం చేశాడన్న చోట మేము రాయడానికి ఏమీ ఉండేది కాదు. నేను మళ్లీ మళ్లీ "అందులో మీ వంతు ఏమిటి?" అని అడిగేదాన్ని, అలా అడగని ప్యానెల్ ఎదురైతే మంచి అభ్యర్థి అక్కడే ఆగిపోతాడు.

మీకు వచ్చిన ఉద్యోగం విషయానికి వస్తే, చేరే ముందు ఆ సంస్థ మానవ వనరుల విభాగాన్ని రెండు విషయాలు ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి: జి-వర్గం అనుభవాన్ని పి-స్థాయి ఖాళీలకు ఎంతవరకు లెక్కిస్తారు, అదే కార్యాలయంలో నేషనల్ ఆఫీసర్ స్థానాలు ఎన్ని ఉన్నాయి. నేషనల్ ఆఫీసర్లు కూడా స్థానికంగా నియమితులయ్యేవారే గాని, వారు చేసేది ప్రొఫెషనల్ పనిగా గుర్తింపు పొందుతుంది; ఆ వర్గంలో తొలి మెట్టైన ఎన్.ఓ.-ఎ స్థాయిలో ఖాళీ కోసం ఒకటి రెండేళ్లు ఆగగలిగితే, జి-6లో ఆరేడేళ్లు గడపడం కన్నా అదే మీకు మేలు. ముప్పై రెండేళ్లలోపు వారైతే యువ ప్రొఫెషనల్స్ కార్యక్రమంలో పాల్గొనే దేశాల జాబితాను ఏటా చూస్తూ ఉండండి. ప్రాతినిధ్యం తక్కువగా ఉన్న దేశాలతో తయారయ్యే ఆ జాబితా మారుతూ ఉంటుంది. ఆర్థిక అవసరం వల్ల ఇప్పుడే చేరక తప్పకపోతే నిస్సంకోచంగా చేరండి, నేనూ అందుకే చేరాను. అయితే మొదటి రోజు నుంచే మీరు స్వయంగా చేసిన ప్రతి పనినీ తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసుకోండి, దరఖాస్తు పెట్టిన ప్రతి ప్రకటననూ ప్రింటు తీసి దగ్గర ఉంచుకోండి.