బండి సంగతులు: ఏళ్ల తరబడి నిలిచిన లారీకి బోరు కొట్టించాలా?

ప్రశ్న: మా నాన్నగారు నడిపిన 1998 మోడల్ టాటా 1613 లారీ 2020 లాక్‌డౌన్ నాటి నుంచి హైదరాబాద్ కాటేదాన్‌లోని మా షెడ్డులో నిలిచి ఉంది. సొంత సరుకు తోలుకోవడానికి దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని అనుకుంటున్నాము. కొత్త బ్యాటరీలు వేసినా సెల్ఫ్ (స్టార్ట్ చేసే మోటారు) ‘టక్’మని ఆగిపోయింది. మేస్త్రీ ట్రాక్టరు కట్టి లాగించగా ఇంజిన్ అందుకుని, తెల్లటి పొగ వదులుతూ నాలుగైదు నిమిషాలు నడిచి ఆగిపోయింది. తరువాత ఎంత లాగినా అందుకోలేదు. బ్రేకులకు గాలి ఎక్కలేదు. వెనక ఎడమ చక్రం తిరగకుండా ఈడ్చుకుంటూ వచ్చింది. ఇంజిన్ పైభాగమైన హెడ్ దించి బోరు కొట్టించాలనీ (అంటే సిలిండర్ల అరిగిన లోపలి గోడలను కోయించి సరిచేయాలనీ), డీజిల్ పంపు కూడా విప్పాలనీ మేస్త్రీ అంటున్నారు. చేయించమంటారా?
— ఒక పాఠకుడు, కాటేదాన్

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు రాసిన లక్షణాలలో బోరు అరిగిందని చెప్పేది ఒక్కటి కూడా లేదు. బోరు అరిగిన ఇంజిన్ నీలి పొగ వదులుతుంది, ఆయిల్ తాగుతుంది, స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. కానీ ఒకసారి అందుకున్నాక నాలుగు నిమిషాలకే ఊపిరి ఆగినట్టు ఆగిపోదు. అలా ఆగిపోయిందంటే ఫిల్టర్లలోనూ పంపులోనూ మిగిలి ఉన్న డీజిల్ మండిపోయాక వెనక నుంచి కొత్త డీజిల్ రాలేదని అర్థం చేసుకోవాలి. అరుగుదల బండి తిరిగితే వస్తుంది. నిలిచిన బండిని పాడుచేసేవి తేమ, తుప్పు, ఎండిన రబ్బరు, చెడిన డీజిల్. కాబట్టి వెతుకులాట అక్కడ మొదలు కావాలి.

ముందుగా ఒక మాట. ఇన్నేళ్లు నిలిచిన ఇంజిన్‌ను ట్రాక్టరుతో లాగించడం మంచి పని కాదు. ఏదైనా సిలిండర్‌లో నీరు గానీ డీజిల్ గానీ నిలిచి ఉంటే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఆ ద్రవం నలగదు కనుక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నడిచిన ఆ కాసేపూ లోపల గట్టి కొట్టుడు శబ్దం ఏదీ వినబడకపోయి ఉంటే ఆ ప్రమాదం తప్పిందనే అనుకోవచ్చు. ఇక మీద మాత్రం సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ విప్పి, ఒక్కో సిలిండర్‌లో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలి, ముందువైపు పుల్లీ బోల్టుకు పానా వేసి రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పి చూసిన తరువాతే సెల్ఫ్ కొట్టండి.

లాగితే ఇంజిన్ తిరిగింది కాబట్టి అది బిగుసుకుపోలేదని తేలింది. అంటే ‘టక్’మన్న శబ్దానికి కారణం కరెంటు వైపే ఉంది. మీ బండిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిసి 24 వోల్టులు ఇస్తాయి. నిండా చార్జి అయిన ఒక్కో బ్యాటరీ ఊరకే ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపాలి. అది సరిగా ఉంటే మీటరు ఒక కొనను ఎర్త్ పట్టీ (బ్యాటరీని బండి ఇనుముకు కలిపే పట్టీ) బిగించిన బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద, రెండోదాన్ని ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన ఇనుము తగిలేలా పెట్టి, సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందన్నమాట. ఆ పట్టీని విప్పి రెండు కొనలూ గీకి బిగిస్తే చాలాసార్లు పని అయిపోతుంది. ఎర్త్ బాగుంటేనే సెల్ఫ్ మోటారును దించండి. ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా ఈ సందర్భంలోనే చూసుకోవాలి.

ఇక అసలు విషయం డీజిల్. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి తేమ రాత్రిపూట నీటిబొట్లుగా చేరుతుంది, మన వానాకాలాలు దానికి మరింత తోడవుతాయి. డీజిల్‌కూ నీటికీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. ఆ జిగురు ట్యాంకులోని జాలీని, ఫిల్టర్లను మూసేస్తుంది. అలాగే ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (డీజిల్ లాగే చిన్న పంపు) దాకా ఉన్న రబ్బరు పైపు ఎండి పగిలితే అక్కడ డీజిల్ కారదు, గాలి లోపలికి లాగుతుంది. బయటికి చుక్క కూడా కనబడదు కాబట్టి పైపు బాగానే ఉందని చాలామంది మోసపోతారు. తప్పు ఈ ట్యాంకు, పైపుల వైపు ఉందో, పంపుల వైపు ఉందో తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. ట్యాంకు పైపును ఫీడ్ పంపు దగ్గర విప్పి, దాని స్థానంలో లోపల డీజిల్ కనబడే కొత్త పైపు తగిలించి, రెండో కొనను శుభ్రమైన డీజిల్ పోసిన క్యానులో ముంచండి. ఫిల్టర్లు రెండూ మార్చి, ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగే దాకా చేతి ప్రైమరు (చేత్తో డీజిల్ ఎక్కించే చిన్న పంపు) కొట్టి ఎయిర్ తీయండి. ఇలా పెట్టిన ఇంజిన్ అరగంట ఆగకుండా నడిస్తే తప్పు ట్యాంకులో గానీ పాత పైపుల్లో గానీ ఉంది. ట్యాంకు దించి కడిగించి, పైపులూ వాషర్లూ మారిస్తే సరిపోతుంది. క్యాను పెట్టినా ఆగిపోతే, అప్పుడు ఫీడ్ పంపు, దాని తరువాత నాజిల్స్‌కు డీజిల్ తోసే పెద్ద పంపు చూడాలి. ట్యాంకు మూతను మరచిపోకండి. దాని గాలి రంధ్రాన్ని కందిరీగలు మట్టితో పూడ్చేస్తాయి. ఇంజిన్ ఆగగానే మూత తిప్పితే ‘హుస్’మని గాలి లోపలికి పోయిందంటే దొంగ దొరికినట్టే.

ఈ పరీక్షకు ముందు తప్పనిసరిగా చేయవలసిన జాగ్రత్త ఒకటి ఉంది. పాత డీజిల్ జిగురుకు పెద్ద పంపులో డీజిల్ మోతాదును నియంత్రించే రాక్ అనే కడ్డీ ఇరుక్కుపోయి, అది నిండు డీజిల్ వైపు ఆగి ఉంటే, స్టార్ట్ కాగానే ఇంజిన్ అదుపు లేకుండా పరుగెత్తి పగిలిపోవచ్చు. స్టాప్ లివర్ చేత్తో లాగితే సులువుగా వెళ్లి, వదిలితే తిరిగి రావాలి. అలా రాకపోతే స్టార్ట్ చేయవద్దు. సులువుగానే ఉన్నా, ఎయిర్ క్లీనర్ పైపు విప్పి, ఇంజిన్ పరుగెత్తితే గాలి పోకుండా మూయడానికి, గాలి వెళ్లే రంధ్రానికి సరిపడే చెక్కపలక పట్టుకుని ఒక మనిషి సిద్ధంగా నిలబడాలి. గుడ్డ గానీ చేయి గానీ అడ్డం పెట్టకూడదు, ఇంజిన్ వాటిని లాగేసుకుంటుంది.

తెల్ల పొగ విషయంలో వాసనే మీటరు. కళ్లు మండించే పచ్చి డీజిల్ వాసన అయితే అది మండని డీజిల్. చల్లని ఇంజిన్, గాలి పట్టిన లైను, పిస్టన్ గాడిలో అంటుకుపోయిన రింగులు దానికి కారణాలు. అలాంటి రింగులు ఇంజిన్ వేడెక్కి కొంతసేపు నడిచాక చాలావరకు వదులవుతాయి. అందుకే చల్లగా ఉన్నప్పుడు చూసిన కంప్రెషన్‌ను (సిలిండర్‌లో గాలి ఒత్తిడిని) బట్టి బోరు గురించి తీర్పు చెప్పడాన్ని నేను ఒప్పుకోను. వేడెక్కాక కూడా పొగ తగ్గకపోతే, నడుస్తున్న ఇంజిన్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టును వరుసగా వదులు చేసి చూడమనండి. దేన్ని వదులు చేసినప్పుడు ఇంజిన్ చప్పుడు మారదో, పనిచేయనిది ఆ సిలిండరే. ఎగజిమ్మే డీజిల్ ఒత్తిడికి చర్మంలోకి దూరుతుంది కనుక నట్టు మీద గుడ్డ కప్పి, చేయి దూరంగా ఉంచాలి. పొగ తియ్యటి వాసన వేస్తూ, రేడియేటర్‌లో కూలెంటు తగ్గుతుంటే మాత్రం హెడ్ కింది సీలును, అంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు బోల్టును మెల్లగా వదులు చేస్తే నీరు బరువు కనుక ముందు అదే వస్తుంది. నాలుగు చుక్కలైతే తేమ. ధారగా వస్తే మీ మేస్త్రీ చెప్పినట్టు హెడ్ దించక తప్పదు.

చక్రం సంగతి ఇంజిన్‌తో సంబంధం లేనిది. స్ప్రింగ్ బ్రేకు ఉన్న బండిలో గాలి లేకపోతే వెనక చక్రాలు రెండూ బిగుస్తాయి. మీకు ఒక్కటే బిగిసింది కాబట్టి బ్రేకు షూ తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుని ఉండాలి. జాకీ ఎత్తి, కింద దిమ్మెలు పెట్టి, స్లాక్ అడ్జస్టర్ (బ్రేకు బిగువు సరిచేసే మీట) వదులు చేసి, డ్రమ్మును చెక్క సుత్తితో చుట్టూ తట్టాలి. వదిలినా సరే డ్రమ్ము విప్పి చూడాలి. లైనింగ్ ఊడి ఉంటే కొత్తది వేయించాలి. గాలి ఎక్కకపోవడానికి ఇంజిన్ చాలినంతసేపు నడవకపోవడమే కారణం కావచ్చు, లేదా బండి నిలిపిన రోజున నీళ్లు వదిలేందుకు గాలి ట్యాంకు డ్రెయిన్ కాకు (అడుగున ఉండే కుళాయి) తెరిచి అలాగే వదిలేసి ఉండవచ్చు. ముందు దాన్ని చూసి, తరువాత సబ్బు నీళ్లతో జాయింట్లు, బ్రేకుల రబ్బరు డయాఫ్రమ్‌లు పరీక్షించండి.

టైర్లు చూడటానికి బాగున్నా, వాటి వయసు తెలుసుకోవడానికి పక్కగోడ మీది నాలుగంకెలు చదవండి: 1419 అని ఉంటే 2019వ సంవత్సరం 14వ వారంలో తయారైందని. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. మీది ఎప్పుడో ముగిసి ఉంటుంది. కాబట్టి ఆటోనగర్‌కు బండిని నడిపించుకుపోకుండా మేస్త్రీనే షెడ్డుకు పిలిపించండి. పైపులూ ఫిల్టర్లూ రాణిగంజ్‌లో దొరుకుతాయి.

ప్రశ్న: రెండేళ్లు నిలిచిన మా పాత డీసీఎం వ్యాను స్టార్ట్ అవుతోంది. ఇంజిన్ ఆపితే గేరు పడుతుంది, నడుస్తుంటే క్లచ్ పూర్తిగా తొక్కినా గరగరమంటుంది. గేరుబాక్సు దించాలా?
— మరొక పాఠకుడు, ఉప్పల్

జవాబు: క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కుని ఉండవచ్చు. అయితే ముందు క్లచ్ ఆయిల్ మట్టం చూసి, పెడల్ తొక్కినప్పుడు కింద సిలిండర్ రాడ్ ఎంత కదులుతోందో గమనించండి. కదలిక తక్కువైతే రబ్బరు సీళ్లు పోయినట్టు. ఆ సీళ్ల కిట్టు మారిస్తే సరిపోతుంది. రాడ్ నిండా కదులుతుంటే, ఎదురుగా ఖాళీ స్థలం ఉన్నచోట ఇంజిన్‌ను బాగా వేడెక్కించి ఆపి, టాప్ గేరు వేసి, క్లచ్‌నూ బ్రేకునూ గట్టిగా తొక్కి పట్టి సెల్ఫ్‌ను ఒక్క క్షణం కొట్టండి. రెండు మూడు సార్లకు విడిపోకపోతే అప్పుడు గేరుబాక్సు దించవచ్చు.