అమ్మగారికి ముందు చెవి పరీక్ష చేయించండి

నమస్కారం. అమ్మమ్మగారికి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే వ్యాధి) వచ్చింది కాబట్టి 64 ఏళ్ల అమ్మగారికీ వస్తుందేమోనని, జ్ఞాపకశక్తి మాత్రలు కొనాలా అని అడిగారు. వద్దండి, అవి ఈ వ్యాధిని ఆపుతాయనడానికి గట్టి ఆధారం లేదు. టీవీ శబ్దం బాగా పెంచుతున్నారని, పెళ్లిళ్లకు వెళ్లడం మానేశారని రాశారు చూడండి, అసలు విషయం అక్కడే ఉందనిపిస్తోంది.

సరిగా వినపడనివారు క్రమంగా నలుగురిలో మాట్లాడటం తగ్గించేస్తారు, మెదడుకు పనీ తగ్గుతుంది. లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ 2024 నివేదికలో చెప్పిన, డిమెన్షియా ముప్పు పెంచే 14 కారణాల్లో వినికిడి లోపం ముఖ్యమైనది. అవసరమైతే వినికిడి యంత్రం పెట్టించండి. మొదట్లో చికాకుగా ఉందని తీసేస్తారు. పక్కన కూర్చుని, ఓపికగా అలవాటు చేయండి.

బీపీ, షుగర్, కొలెస్ట్రాల్‌తో పాటు థైరాయిడ్, విటమిన్ బి12 కూడా చూపించండి. ఈ చివరి రెండింటి లోపం వల్ల వచ్చే మతిమరుపు చికిత్సతో తగ్గే అవకాశం ఉంది. రోజూ అరగంట నడక, వీలైతే పొరుగువారితో కలిసి.

ఆమెకు ఉర్దూ కూడా వచ్చన్నారు, చాలా సంతోషం. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించింది. పాత స్నేహితురాళ్లతో ఉర్దూలో మాట్లాడమనండి.