మూగజీవాల కోసం అల్లిక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత తీరిక దొరికింది. నాకు క్రోషియా అల్లిక బాగా వచ్చు, ఇంట్లో ఊలు ఉండలు కూడా చాలా మిగిలి ఉన్నాయి. చలికాలంలో మా వీధి కుక్కలు ముడుచుకుని పడుకోవడం చూసి, వాటికి స్వెటర్లు అల్లి జంతు సంరక్షకులకు ఇవ్వాలనిపించింది. ఎటువంటి ఊలు వాడాలి, ఎలా అల్లాలి?
— ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: మీ చేతిలోని పనితనం తప్పకుండా ఉపయోగపడుతుందమ్మా, కానీ వీధి కుక్కలకు స్వెటర్లు అల్లే ఆలోచనను మాత్రం దయచేసి విరమించుకోండి. డిసెంబరు, జనవరి నెలల్లో కూడా విజయవాడలో రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 18, 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఒంటి నిండా బొచ్చు ఉన్న పెద్ద కుక్కకు ఆ చలి ఒక లెక్క కాదు. స్వెటరు తొడగడానికి మీరున్నారు గానీ, వేళకు విప్పడానికి వీధిలో ఎవరున్నారు? అది వానకు తడిసి ఒంటికి అంటుకుపోతుంది, ముళ్లకంపకో ఇనుప కంచెకో తగులుకుంటుంది, లోపల గజ్జి ముదిరినా పైకి కనిపించదు, మెడ దగ్గర బిగుసుకుంటే ప్రాణానికే ముప్పు. మథుర దగ్గరి సంరక్షణ కేంద్రంలో గ్రామ మహిళలు ఏనుగులకు స్వెటర్లు అల్లిన వార్త మీరు చూసే ఉంటారు. అయితే ఉత్తరాది చలి వేరు, పైగా అక్కడ తొడగడానికీ విప్పడానికీ మావటులు ఉంటారు.

వెచ్చదనం నిజంగా కావలసింది తల్లి లేని పసికూనలకు. పుట్టిన తొలి వారంలో కుక్కపిల్లలకు గానీ పిల్లికూనలకు గానీ వణికి ఒంట్లో వేడి పుట్టించుకునే శక్తి ఉండదు. తల్లి పొట్టను ఆనుకుని, ఒకదాని మీద ఒకటి పడుకోవడమే వాటికి ఆధారం. తల్లి ఏ లారీ కిందో పడి పోయినప్పుడు, ఆ కూనలను ఉంచే చోటు సుమారు 30 డిగ్రీల వేడితో ఉండేలా మనిషే చూసుకోవాలి. మన మే నెలలో ఆ చింత లేదు, వడదెబ్బ తగలకుండా కాపాడుకుంటే చాలు. వానాకాలపు ముసురులోనూ, ధనుర్మాసపు తెల్లవారుజామునా మాత్రం కూనలు త్వరగా చల్లబడిపోతాయి. అలా చల్లబడిన కూనకు వెంటనే పాలు పట్టకూడదన్న సంగతి చాలామందికి తెలియదు. ఒళ్లు చల్లబడితే పాలు అరగవు, మింగే శక్తి తగ్గి అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంటుంది. ముందు మెల్లగా వెచ్చబరచాలి, ఆ తరువాతే పాలు.

ఇందుకోసం సంరక్షకులు వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి కూనల పక్కన పెడతారు. గుడ్డ కాస్త జారిందంటే ఆ లేత చర్మం కాలుతుంది. అందువల్ల మీరు మొదట అల్లవలసింది సీసాకు గట్టిగా పట్టి ఉండే దళసరి తొడుగు. రెండు పోగులు కలిపి అల్లండి. మూతి దగ్గర తాళ్లు, గుండీలు పెట్టకుండా లోపలికి మడిచే అంచు వదలండి. ఆ తరువాత పరుపుల్లాంటి చదరపు ముక్కలు అల్లవచ్చు. కూనలకు 14 అంగుళాలు, ఓ మోస్తరు కుక్కకు 24 అంగుళాలు సరిపోతాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన కుక్కలకు మత్తు దిగే వేళ ఒంటి వేడి పడిపోతుంది కాబట్టి, సిమెంటు నేల మీదో బోను ఇనుప చువ్వల మీదో ఈ ముక్క పరిస్తే ఎంతో మేలు.

అల్లిక విషయంలో ఒక్కటే నియమం: సందు ఉండకూడదు. సింగిల్ క్రోషే కుట్టుతో, ఊలు చుట్టపై సూచించిన దానికన్నా ఒక సైజు తక్కువ సూదితో బిగుతుగా అల్లండి. పూర్తయ్యాక ముక్కను రెండు చేతులతో సాగదీసి వెలుతురుకు పట్టి చూడండి. రంధ్రాలు కనబడితే కూన గోరు, ఒక్కోసారి కాలు కూడా అందులో ఇరుక్కుంటుందని అర్థం. ఊడిన పోగు కాలికి చుట్టుకుంటే రక్తప్రసరణ ఆగిపోతుంది. కనుక దారం కొసను ఒక వైపే లాగి వదిలేయకుండా, అటూ ఇటూ మూడు సార్లైనా కుట్లలోకి దూర్చి కత్తిరించండి.

ఇక ఊలు సంగతి. మన వాతావరణానికి నూలు దారమే ఉత్తమం, మీ దగ్గరున్నది యాక్రిలిక్ అయినా ఫరవాలేదు. అసలైన గొర్రె ఉన్ని మాత్రం వద్దు, వేడినీళ్లలో ఉతికితే ముడుచుకుపోతుంది. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ నెలల తరబడి బతికి ఉంటుంది, మామూలు సబ్బుకు చావదు. అందుకే సంరక్షణ కేంద్రాల్లో బట్టలను బ్లీచింగ్ కలిపిన నీళ్లలో ఉతుకుతారు, అనుమానం ఉంటే పారేస్తారు కూడా. రంగు వెలిసిందని, పారేశారని నొచ్చుకోకండి.

అల్లడం మొదలుపెట్టే ముందు, ఇవ్వబోయే చోట ఏం కావాలో అడగండి. 2015లో ఆస్ట్రేలియాలో కార్చిచ్చుకు పాదాలు కాలిన కోలాల (చెట్ల మీద బతికే అక్కడి జంతువుల) కట్ల మీద తొడిగేందుకు నూలు తొడుగులు కావాలని పిలుపునిస్తే, కొద్ది రోజుల్లోనే అవసరానికి మించి వచ్చిపడ్డాయి. మన దగ్గర 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినట్లు వరద వచ్చిన రోజుల్లో, ఆరబెట్టే చోటే లేని వారికి మూటెడు ఊలు పరుపులు పంపితే భారమే. అప్పుడు పాత దుప్పట్లు, పొడి మేత, మందులు ముందు.

ప్రశ్న: గాలివానకు గూటి నుంచి పడిన పక్షిపిల్లలకు ఊలుతో గూళ్లు అల్లవచ్చా?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అల్లవచ్చు, విదేశాల్లో వన్యప్రాణి సంరక్షకులు ఇటువంటివి చాలాకాలంగా వాడుతున్నారు. మూడు పోగులు కలిపి, నాలుగు అంగుళాల వెడల్పున గిన్నె ఆకారంలో, అంచులు వాలిపోకుండా నిలబడేలా అల్లాలి. చదునైన చోట ఉంచితే పిల్ల కాళ్లు పక్కలకు జారి వంకరపోతాయి, గుండ్రటి లోతులో ఉంటే ఒంటి కిందికి చేరి ఉంటాయి. నూగు ఉన్న ఊలు వద్దు. లోపల మెత్తని కాగితం పరచి, రెట్ట పడినప్పుడల్లా మార్చాలి. అయితే ఈకలు వచ్చి నేల మీద గెంతుతున్న పిల్ల చాలాసార్లు ఎగరడం నేర్చుకుంటూ ఉంటుంది; తల్లిదండ్రులు దగ్గరలోనే ఉంటాయి, దానిని కదపకండి. గాయపడిన రామచిలుక వంటి వాటిని అటవీ శాఖ వారికి అప్పగించాలి. వాటిని ఇంట్లో పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ప్రశ్న: మా అత్తగారిది నరసాపురం. సన్నదారంతో లేసు అందంగా అల్లుతారు. అది పిల్లులకు పనికొస్తుందా?
— ఒక పాఠకురాలు, లబ్బీపేట, విజయవాడ

జవాబు: పిల్లి దగ్గర ఆ దారం ఉంచనే వద్దు. పిల్లి నాలుక మీది ముళ్లు లోపలికి వంగి ఉంటాయి కనుక నోట్లోకి వెళ్లిన దారాన్ని అది ఉమ్మివేయలేక మింగేస్తుంది; ఆ దారానికి పేగులు కుచ్చులుగా ముడుచుకుపోతే ఆపరేషన్ తప్పదు. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అని తెలిపే జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అంతటి పనిని బోనులో పరచడం కన్నా బల్లగుడ్డలుగా, చేతిసంచులుగా అమ్మి, ఆ డబ్బు రేబిస్ టీకాలకు ఇవ్వమని అత్తయ్యగారికి చెప్పండి. అమ్మేటప్పుడు ఆ సొమ్ము ఎక్కడికి వెళుతుందో ఒక చీటీ మీద రాసి జత చేస్తే కొనేవారికి నమ్మకం కలుగుతుంది.