నోటుకు కాలదోషం పట్టిందా? ఆ యాభై వేల చెక్కును వెతకండి

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. గుంటూరు కొరిటెపాడులో ఉంటాం. స్పిన్నింగ్ మిల్లులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి వచ్చిన సొమ్ములో 12 లక్షలు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే పరిచయస్తుడికి నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చాను. ఇరవై ఏళ్లుగా నన్ను ‘బావగారూ’ అని పిలిచిన మనిషి. 2022 జూన్ 10న ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. 2023 డిసెంబరు దాకా నెలనెలా వడ్డీ నగదుగా ఇచ్చాడు, డైరీలో రాసుకున్నాను. ఆ తర్వాత ఆపేశాడు. 2024 నవంబరులో నా భార్య మోకాలి ఆపరేషన్‌కు డబ్బు అడిగితే ముష్టి వేసినట్టు 50 వేలకు చెక్కు పంపి, ‘వడ్డీ కింద ఇది ఉంచండి బావగారూ’ అని వాట్సాప్‌లో రాశాడు. ఆ చెక్కు అతని మొహాన కొడదామనుకున్నాను. గత్యంతరం లేక బ్యాంకులో వేసుకున్నాను. పెద్దమనుషుల్లో పెడితే ‘ఈ సీజన్ కానివ్వండి’ అంటూ వాయిదాలు వేశాడు. ఇప్పుడు నోటుకు మూడేళ్లు దాటాయి, దిక్కున్నచోట చెప్పుకోమంటున్నాడు. ఇల్లు కొడుకు పేర రాశాడని కూడా విన్నాను. కోర్టు దగ్గర తెలిసినాయన ఒకరు నోటు వెనుక పాత తేదీతో చెల్లు (కొంత సొమ్ము చెల్లించినట్టు రాత) రాయించి సంతకం సంగతి తాను చూసుకుంటానంటున్నారు. పోలీసు కేసు పెట్టమని మా అబ్బాయి అంటున్నాడు. ఇంతటి నమ్మకద్రోహానికి చట్టంలో శిక్ష లేదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యం మీరు కోపంతో రాసిన వాక్యమే. ముష్టి వేసినట్టు పంపాడని మీరు బాధపడుతున్న ఆ 50 వేల చెక్కు లేకపోతే, ఈరోజు మీ 12 లక్షల గురించి నేను రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఇరవై ఏళ్ల స్నేహం, బావగారు అన్న పిలుపు, ఆపరేషన్ సమయంలో అతని ప్రవర్తన, వీటిలో ఏదీ దావాలో తీర్పును మార్చదు. తేల్చవలసిన అంశం ఒక్కటే: నోటు తేదీ నుంచి మూడేళ్లు నిండకముందు, బాకీకి సంబంధించి అతని సంతకం ఉన్న కాగితం ఇంకొకటి పుట్టిందా లేదా?

కోరినప్పుడు చెల్లించే ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి గడువు నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. వడ్డీ ఆపేసిన నాటి నుంచో, మీరు గట్టిగా అడిగిన నాటి నుంచో లెక్క మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. మీ నోటు విషయంలో ఆ మూడేళ్లు 2025 జూన్ 10తో ముగిశాయి. అతను ధీమాగా మాట్లాడుతున్నది ఈ లెక్క చూసుకునే.

అయితే లిమిటేషన్ చట్టం (1963) 19వ సెక్షన్ ప్రకారం, గడువు ముగియకముందే అసలులో గాని వడ్డీలో గాని కొంత చెల్లిస్తే, ఆ చెల్లింపు నాటి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. దానికి ఒక షరతు ఉంది. చెల్లించిన సంగతి చెల్లించినవాడి చేతిరాతలో గాని, అతని సంతకంతో గాని ఉండాలి. మన పెద్దలు నోటు వెనుక చెల్లు వేయించుకున్నది ఇందుకే. ఏడాదిన్నర పాటు నెలకు 24 వేలు చొప్పున నగదు తీసుకుంటూ ఒక్కసారి కూడా మీరు నోటు తిరగేసి అతనితో నాలుగు ముక్కలు రాయించుకోలేదు. మీ డైరీలో మీరు రాసుకున్నది గడువును ఒక్క రోజు కూడా పొడిగించదు, అందులో అతని సంతకం లేదు కాబట్టి. ముప్పై ఏళ్ల కష్టార్జితాన్ని చేతులు మార్చేటప్పుడు, చెల్లు వేయమని అడిగితే ఏమనుకుంటాడోనని మొహమాటపడటం క్షమించదగిన అజాగ్రత్త కాదు. ఇది కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. మీలాంటి వాళ్లు ఈ జిల్లాలో ఇంకా ఎందరో ఇవాళ కూడా చెల్లు లేకుండానే వడ్డీ జేబులో వేసుకుంటున్నారు.

చెక్కు సంగతి వేరు. చెక్కు మీద చెల్లించినవాడి సంతకం ఉంటుంది. అది బ్యాంకులో చెల్లుబాటై మీ ఖాతాలో జమ అయితే, చెల్లింపుకు, సంతకంతో కూడిన రాతకు, రెండింటికీ అదే రుజువు. సుప్రీంకోర్టు ఎన్నో ఏళ్ల కిందటే ఈ దారిన తీర్పు చెప్పింది. మీ చెక్కు 2024 నవంబరుది, అంటే మొదటి మూడేళ్ల లోపలిది. కాబట్టి మీ దావాకు 2027 నవంబరు దాకా ప్రాణం ఉంది. లెక్క మాత్రం డబ్బు జమ అయిన రోజు నుంచి కాక చెక్కు మీద వేసిన తేదీ నుంచే పెట్టుకోండి. నాలుగు రోజులు కలిసొస్తాయని ఆశపడి దావా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇక్కడ నాకు తెలియవలసింది, మీరు రాయనిది ఒకటుంది. ఆ చెక్కు మీద సంతకం ఎవరిది? నోటు రాసిన మనిషే సంతకం చేసి ఉంటే చిక్కు లేదు. దుకాణం పేరు మీదున్న ఖాతా అయినా, ఆ దుకాణం అతని సొంతమై సంతకం అతనిదే అయితే ఫరవాలేదు. కొడుకో భార్యో సంతకం చేసి ఉంటే, బాకీదారు తరఫున చెల్లించే అధికారం వాళ్లకు ఉందని రుజువు చేయవలసిన బరువు మీ మీద పడుతుంది. అందుకని రేపే మీ బ్యాంకుకు వెళ్లి, ఆ చెక్కు ప్రతిని ఇప్పించమని రాతపూర్వకంగా అడగండి, దరఖాస్తు మీద ముద్ర వేయించుకోండి. దాంతోపాటు 2024 నవంబరు ఖాతా వివరాల నకలును బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం (1891) కింద ధ్రువీకరణతో తీసుకోండి. పాస్‌బుక్కు జిరాక్సు తెచ్చి బల్ల మీద పెడితే సరిపోదు.

చెక్కు నాదే గాని ఈ బాకీకి ఇచ్చింది కాదు, చేబదులు తీర్చాను అని అతను రేపు అనవచ్చు. తప్పకుండా అంటాడు. దానికి జవాబు మీ ఫోనులో ఉంది. ‘వడ్డీ కింద’ అన్న ఆ వాట్సాప్ సందేశం చెక్కును నోటుకు ముడివేస్తుంది. సందేశం ఒక్కటే ఉంటే అది సంతకంతో సమానమా కాదా అని వాదించుకోవాల్సి వచ్చేది. చెక్కు తోడుంది కాబట్టి ఆ గొడవ మీకు అక్కర్లేదు. ఆ ఫోను మార్చకండి, అమ్మకండి, మనవళ్ల చేతికి ఇవ్వకండి. కోర్టులో ఆ సందేశం దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, దాన్ని మీ ప్లీడరు తయారు చేయిస్తారు.

ఇప్పుడు కోర్టు దగ్గర మీకు తెలిసినాయన ఇచ్చిన సలహా. ఆయన గడప తొక్కకండి. నోటు వెనుక పాత తేదీతో చెల్లు రాసి అతని సంతకాన్ని పోలిన సంతకం పెట్టడం ఫోర్జరీ. ప్రామిసరీ నోటు విలువైన పత్రం కనుక భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద పదేళ్ల దాకా, యావజ్జీవం దాకా కూడా శిక్ష పడవచ్చు. దొంగదని తెలిసీ దాన్ని కోర్టులో దాఖలు చేసినవాడికీ అదే శిక్ష. రాసినాయన అప్పటికి కనిపించడు, దాఖలు చేసింది మీరు కాబట్టి బోనులో నిలబడేది మీరు. పైగా ఇది దాగే తప్పు కాదు. పంచాయతీలో మీ నోటును పెద్దమనుషులు చూసి ఉంటారు కదా? అప్పుడు వెనుక ఖాళీగా ఉందని చెప్పడానికి వాళ్లే సాక్షులు. అతని దగ్గర నోటు జిరాక్సు ఉండకుండా ఉండదు. సంతకం నిపుణుడి పరీక్షకు వెళితే చెల్లుతోపాటు నోటు మీద కూడా న్యాయమూర్తికి అనుమానం పుడుతుంది, అసలైన చెక్కు కూడా ఆ అనుమానంలో కొట్టుకుపోతుంది. బతికున్న దావాను మీ చేతులతో మీరే చంపుకోవడం ఇది. నోటు మీద ఒక్క అక్షరం కూడా చేర్చకండి, చెరిపిన గీతలు దిద్దకండి, స్టాంపు ముట్టుకోకండి.

మీ అబ్బాయి చెప్పిన పోలీసు కేసు కూడా మీకు పనికిరాదు. అప్పు తీసుకుని తీర్చకపోవడం దానంతట అది మోసం నేరం కాదు. తీసుకున్న రోజునే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపాలి. ఏడాదిన్నర సక్రమంగా వడ్డీ కట్టిన మనిషి మీద అది నిలబడదు. స్టేషను చుట్టూ తిరిగే నెలలన్నీ గడువులోంచే పోతాయి. పెద్దమనుషుల పంచాయతీ కూడా అంతే, అక్కడ మాట్లాడుకుంటున్నంత కాలం దావా గడువు ఆగదు. మళ్లీ రాజీకి పిలిస్తే వెళ్లండి, కాని అతను కొత్త నోటు రాసిస్తేనే మాట్లాడతానని చెప్పండి. అసలు నోటును మాత్రం మధ్యవర్తుల చేతుల్లో పెట్టకండి.

ఇంటి సంగతి ఆలస్యం చేయకూడనిది. ఆ ఇంటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోనో మీసేవలోనో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి. ఇంకా అతని పేరునే ఉంటే, దావాతోపాటే తీర్పుకు ముందు జప్తు కోరుతూ సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 38, రూల్ 5 కింద పిటిషన్ వేయించండి. ఆస్తిని తప్పించే ప్రయత్నంలో ఉన్నాడని ప్రమాణపత్రంలో ఆధారాలతో చెప్పాలి, ‘విన్నాను’ అంటే కోర్టు ఒప్పుకోదు. ఇప్పటికే కొడుకు పేర సెటిల్‌మెంట్ రాసేసి ఉంటే, అప్పులవాళ్లను ఎగ్గొట్టే ఉద్దేశంతో చేసిన బదిలీని ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద సవాలు చేయవచ్చు. మీతోపాటు ఇంకెవరికైనా బాకీ ఉన్నాడేమో విచారించండి, ఆ సెక్షన్ కింద దావా అప్పులవాళ్లందరి తరఫునా వేయాల్సి ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో అతని పేరున ఉన్న టిక్కీలను (మిర్చి బస్తాలను) జప్తు చేయిద్దామని మీకెవరైనా చెబితే తొందరపడకండి. కమీషన్ వ్యాపారి దగ్గరుండే సరుకు చాలాసార్లు రైతులది.

వడ్డీ విషయంలో ఆశలు కొంచెం తగ్గించుకోండి. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. మితిమీరిన వడ్డీని తగ్గించే అధికారం కోర్టుకు ఉంది. తీర్పు తర్వాతి కాలానికి సాధారణంగా 6 శాతం మించి ఇవ్వరు. వ్యాపారం కోసం తీసుకున్న అప్పు అని రుజువైతే అంతకంటే ఎక్కువ అడగవచ్చు, కాబట్టి నోటులో ‘వ్యాపార నిమిత్తం’ అని ఉందేమో చూడండి. మీరు పుచ్చుకున్న వడ్డీని ఆదాయపు పన్ను లెక్కల్లో చూపారా అన్నది క్రాస్ ఎగ్జామినేషన్‌లో వచ్చే మొదటి ప్రశ్నల్లో ఒకటి. చూపకపోతే మీ ఆడిటరును ఈ వారమే కలవండి.

మీరు నోటు రాయించుకున్న 2022 జూన్‌లో పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 7.4 శాతం వడ్డీ ఇచ్చేవారు. మీ 12 లక్షలకు మూడు నెలలకోసారి 22,200 రూపాయలు వచ్చేవి. నెల లెక్కన చూస్తే 24 వేల ముందు 7,400 చిన్నదిగా కనిపించి ఉంటుంది. కాని ఆ సొమ్ము ఆగకుండా వస్తూనే ఉండేది. 2023 ఏప్రిల్‌లో ఆ స్కీము పరిమితిని 15 లక్షల నుంచి 30 లక్షలకు పెంచి, వడ్డీని 8.2 శాతం చేశారు. రిటైరైన సొమ్మును ఇప్పుడు చేతిలో పట్టుకుని వడ్డీకి తిప్పుదామా అని ఆలోచిస్తున్న పాఠకులకు నేను చెప్పేది ఇది: అవసరమైతే కొంత ఇవ్వండి, అదీ చెక్కు ద్వారానే ఇవ్వండి. ఒకే మనిషి చేతిలో అంతా పెట్టకండి. వడ్డీ ఖాతాలో పడేలా చూసుకుని, ఏడాదికోసారైనా నోటు వెనుక చెల్లు వేయించుకోండి.

ఇప్పటికే మూడేళ్లు దాటి, మధ్యలో సంతకం ఉన్న కాగితం ఏదీ లేనివాళ్లకు మిగిలింది ఒకటే. కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని బాకీదారు కొత్తగా రాసి సంతకం చేస్తే, కాంట్రాక్టు చట్టం 25(3) సెక్షన్ ప్రకారం ఆ వాగ్దానం చెల్లుతుంది. అది అతని మనసు మీద ఆధారపడినది, మీ హక్కు కాదు.

మీ విషయంలో ముందు చెక్కు ప్రతి, ఈసీ చేతికి రానివ్వండి. ఆ తర్వాతే ప్లీడరు ద్వారా రిజిస్టర్డ్ నోటీసు పంపండి. నోటు తేదీ, చెక్కు నంబరు, తేదీ, మొత్తం నోటీసులో స్పష్టంగా ఉండాలి. నోటీసు ముందు వెళ్లి ఈసీ తర్వాత తీస్తే, ఆ రెండింటి మధ్యలోనే ఇల్లు చేతులు మారుతుంది.