ఊపిరి బిగబట్టనక్కర్లేని ఎంఆర్ఐ: ఈ పరిశోధనకు వైద్యవిద్య కావాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. పొట్ట భాగానికి వేగంగా, కదలికల వల్ల చెడిపోకుండా ఎంఆర్ఐ తీసి, అవయవాల స్థితిని అంకెల్లో చెప్పే పద్ధతులపై పరిశోధన చేస్తానంటోంది. మెడిసిన్ చదవకుండా ఇది సాధ్యమేనా? ఇప్పుడేం నేర్చుకోవాలి?

జవాబు: నిస్సందేహంగా సాధ్యమే. ఎంఆర్ఐ ఆవిష్కరణలకు 2003లో వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్న ఇద్దరిలో పాల్ లాటర్‌బర్ రసాయన శాస్త్రవేత్త, పీటర్ మాన్స్‌ఫీల్డ్ భౌతిక శాస్త్రవేత్త. మీ అమ్మాయి ఎంచుకున్న అంశానికి సిగ్నల్ ప్రాసెసింగే పునాది.

స్కానర్ నేరుగా బొమ్మ తీయదు; కే-స్పేస్ అనే ఫ్రీక్వెన్సీ సమాచారాన్ని వరుస వరుసగా సేకరిస్తుంది. ఈలోగా రోగి ఊపిరి తీసుకుంటే కాలేయం పైకీ కిందికీ జరిగి, ఒక వరుసకూ మరొక వరుసకూ పొంతన కుదరక బొమ్మలో నీడలు పడతాయి. అందుకే 15–20 సెకన్లపాటు ఊపిరి బిగబట్టమంటారు. చిన్నపిల్లలకూ, నీరసించిన రోగులకూ అది ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. వరుసలను సమాంతరంగా కాకుండా బండిచక్రం ఆకుల్లా కేంద్రం మీదుగా పోయేట్టు సేకరిస్తే, కేంద్రంలోని సంకేతంలో వచ్చే హెచ్చుతగ్గులను బట్టి శ్వాస ఏ దశలో ఉందో పసిగట్టవచ్చు; ఒకే దశలో సేకరించిన వరుసలను కలిపి బొమ్మ చేస్తే ఊపిరి బిగబట్టే పని తప్పుతుంది. 2007 నుంచి ఎంఆర్ఐలో వేళ్లూనుకున్న కంప్రెస్డ్ సెన్సింగ్ (కొన్ని కొలతల నుంచే గణితంతో పూర్తి బొమ్మను రాబట్టే పద్ధతి), 2013లో వచ్చిన ఎంఆర్ ఫింగర్‌ప్రింటింగ్ (కణజాలాల సంకేతాల తీరును వేలిముద్రల్లా పోల్చి వాటి లక్షణాలను కొలిచే పద్ధతి) తక్కువ సమాచారంతోనే ఎక్కువ రాబట్టే దారులు చూపాయి.

అసలు కష్టం అంకెల దగ్గర మొదలవుతుంది. ఉదాహరణకు కాలేయంలో కొవ్వు శాతాన్ని కొలవడమే తీసుకోండి. 1.5 టెస్లా (అయస్కాంత క్షేత్ర తీవ్రతకు కొలమానం) స్కానర్‌లో నీటి సంకేతానికీ కొవ్వు సంకేతానికీ ఫ్రీక్వెన్సీలో సుమారు 220 హెర్ట్జ్‌ల తేడా ఉంటుంది కాబట్టి, వేర్వేరు క్షణాల్లో కొలిస్తే రెంటినీ విడదీయవచ్చు. అయితే కాలేయంలో ఇనుము పేరుకుపోతే సంకేతం త్వరగా క్షీణిస్తుంది. ఆ క్షీణతను లెక్కలోకి తీసుకోకపోతే కొవ్వు శాతం తప్పుగా వస్తుంది. దాదాపు 5 శాతం దాటితే ఫ్యాటీ లివర్ అంటారు గనుక, రెండు మూడు శాతం పొరపాటుతోనే రోగనిర్ధారణ మారిపోవచ్చు.

ఈ కారణంగానే నేరుగా డీప్ లెర్నింగ్‌తో మొదలుపెట్టవద్దని నా గట్టి సలహా. కంటికింపైన బొమ్మలోనూ అంకె తప్పవచ్చు. ముందు ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్, లీనియర్ ఆల్జీబ్రా, ఆప్టిమైజేషన్, ఎంఆర్ఐ సంకేతం ఎలా పుట్టి ఎలా క్షీణిస్తుందో చెప్పే బ్లాఖ్ (Bloch) సమీకరణాలు గట్టిపడాలి. పైథాన్‌లో ఒక బొమ్మను కే-స్పేస్‌లోకి మార్చి, వరుస విడిచి వరుస తీసేసి, తిరిగి బొమ్మగా మార్చి చూడమనండి: బొమ్మ తనమీద తానే మడత పడినట్టు కనిపిస్తుంది. ఆ మడతను విప్పడమెలాగో ఆలోచించడమే ఈ రంగంలోకి మంచి ప్రవేశం. తర్వాత కే-స్పేస్ నుంచి బొమ్మలు తయారుచేసే, ఉచితంగా దొరికే బార్ట్ (BART) సాఫ్ట్‌వేర్‌ను ప్రయత్నించవచ్చు.

ఆపైన బయోమెడికల్ లేదా ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో పీజీ, పీహెచ్‌డీ చేయాలి. స్కానర్ తయారీ సంస్థల పరిశోధన విభాగాల్లోనూ, విశ్వవిద్యాలయాల్లోనూ అవకాశాలుంటాయి. దరఖాస్తు చేసే ముందు మాత్రం ఆ ల్యాబ్‌కు స్కానర్ నుంచి ముడి (కే-స్పేస్) సమాచారం తీసుకునే వీలుందో లేదో తప్పక అడగమనండి. సిద్ధమైన బొమ్మలు మాత్రమే దొరికే చోట ఈ పని సాగదు.