అమ్మ తన ఇంట్లోనే ఉంటానంటోంది, ఏం మార్చాలి?

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. ఒక్కతే ఉంటోంది. మూడు నెలల క్రితం తెల్లవారుజామున బాత్రూంలో పడి మణికట్టు విరిగింది. ఇప్పుడు కట్టు తీసేశారు, తన పనులు తనే చేసుకుంటోంది. అన్నయ్య తన దగ్గరికి తీసుకెళ్లిపోతానంటున్నాడు. అమ్మ ససేమిరా అంటోంది. రాత్రిపూట ఫోన్ మోగితే చాలు, నాకు టెన్షన్. బాత్రూం టైల్స్ మొత్తం మార్పించాలా? కెమెరాలు పెట్టించాలా? ఎక్కడ మొదలుపెట్టను?
– ఒక కూతురు

జవాబు: టైల్స్ పగలగొట్టించే పని ఇప్పుడే పెట్టుకోకండమ్మా. ముందు ఒక రాత్రి మీ అమ్మగారి దగ్గర పడుకోండి. ఆవిడ ఎన్నిసార్లు లేస్తున్నారో, లేచేటప్పుడు దేన్ని పట్టుకుంటున్నారో, స్విచ్ అందేలోగా చీకట్లో ఎన్ని అడుగులు వేస్తున్నారో చూడండి. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే మనిషి రోజువారీ పనులు తనే సురక్షితంగా చేసుకునేలా ఇంటినీ అలవాట్లనూ సరిచేసే నిపుణురాలిని. ఏ ఇంటికి వెళ్లినా కొలిచే టేపు బయటికి తీసేముందు ‘మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చేసి చూపించండి’ అని అడుగుతాను. పెద్దవాళ్లు రోజూ చెయ్యి ఆనించే చోట గోడ మీద చాలాసార్లు మరక కనిపిస్తుంది. పట్టుకునే కడ్డీ ఎక్కడ కావాలో ఆ మరకే చెబుతుంది.

బాత్రూంలో ఆ చెయ్యి తరచుగా టవల్ రాడ్ మీదకు వెళుతుంది. తువ్వాళ్ల కోసం బిగించిన రాడ్డు జారుతున్న మనిషి బరువును ఆపలేదు. అంటించుకునే వాక్యూమ్ హ్యాండిళ్లనూ నేను నమ్మను, తడికి ఎప్పుడు ఊడతాయో తెలియదు. 110 కిలోలకు పైగా బరువు ఆగే కడ్డీని, గట్టి గోడలోకి బోల్టులు దిగేలా బిగించాలి. కమోడ్ పక్కన అడ్డంగా పెట్టే కడ్డీకి నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తు అనేది ఒక ప్రామాణిక కొలత. అయినా డ్రిల్లింగ్ మొదలుపెట్టే ముందు అమ్మగారిని కూర్చుని లేవమనండి. ఆవిడ చెయ్యి వెళ్లిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి.

కమోడ్ ఎత్తు గురించి ఒక సంగతి చెప్పాలి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక పెద్దాయనకు మోకాళ్ల నొప్పులని, పుస్తకంలో ఉన్న ఎత్తు చూసి సీటు పెంచే అమరిక పెట్టించాను. ఆయన పొట్టి మనిషి. పాదాలు నేలకు ఆనక, లేవడానికి బలం చాలక మరింత ఇబ్బంది పడ్డారు. నేను కొలిచింది కమోడ్‌ని, ఆయన కాలిని కాదు. అప్పటి నుంచి మడమ నుంచి మోకాలి వెనక మడత దాకా కొలవకుండా దేని ఎత్తూ మార్చలేదు. మంచానికీ అంతే. అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాలి.

లేచిన వెంటనే నడవొద్దని చెప్పండి. పడుకుని లేచినప్పుడు కొందరికి బీపీ ఒక్కసారిగా తగ్గి కళ్లు తిరుగుతాయి. ఒకటి రెండు నిమిషాలు మంచం అంచున కూర్చుని, అప్పుడు నిలబడాలి. ఆవిడ పడింది తెల్లవారుజామున కాబట్టి వాడుతున్న మందులన్నీ డాక్టరుకు ఒకసారి చూపించండి.

వెలుతురు మీద ఖర్చు పెట్టడానికి వెనకాడకండి. వయసుతో కనుపాప చిన్నదవుతుంది, కంటి లోపలి లెన్స్ పసుపు రంగుకు తిరుగుతుంది, చీకటికి అలవాటు పడటమూ ఆలస్యమవుతుంది. మంచం నుంచి బాత్రూం దాకా మనిషి కదిలితే వెలిగే చిన్న లైట్లు గోడకు కింది భాగంలో పెట్టించండి. దారిలో కాళ్లు తుడుచుకునే పట్టాలు, వైర్లు ఉంటే తీసేయండి. అలాగే బాత్రూం తలుపు లోపలికి తెరుచుకుంటుంటే బయటికి తెరుచుకునేలా మార్పించండి. పడిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తోయడం కుదరదు. గొళ్లెం కూడా బయటి నుంచి తీయగలిగేది ఉండాలి.

అన్నయ్యకు ఒక మాట చెప్పండి. ఒకే విషయంపై జరిగిన వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2023లో ఇచ్చిన సమీక్ష ప్రకారం, ఇదివరకే పడినవాళ్లలాగా పడే ప్రమాదం ఎక్కువున్నవారిలో, ఇంట్లోని ముప్పులను గుర్తించి సరిచేస్తే పడటాలు 38 శాతం దాకా తగ్గాయి. ఆవిడ పట్టుదలను మొండితనం అనుకోవద్దనండి. చీకట్లో కూడా ఏ గోడ ఎక్కడుందో ఆవిడ ఒంటికి తెలిసిన ఇల్లు అది. కొత్త ఇంట్లో ఆ దారులన్నీ మళ్లీ నేర్చుకోవాలి. మీకు వీలైతే ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టును ఇంటికి పిలిచి, అన్నాచెల్లెళ్లిద్దరూ ఆ రోజు పక్కనే ఉండండి. ప్రశ్నలకు జవాబులు మాత్రం అమ్మగారినే చెప్పనివ్వండి.

కెమెరా మాట ఆవిడను అడగకుండా ఎత్తకండి. బాత్రూంలో, పడకగదిలో అసలే వద్దు. పడిపోయినప్పుడు అసలు ప్రమాదం గంటల తరబడి లేవలేక అలాగే ఉండిపోవడం. అందుకు మెడలో వేసుకుని నొక్కే అలారం బటన్ మేలు. తడిసినా పనిచేసేది తీసుకోండి, స్నానానికి వెళ్లేటప్పుడు తీసి పక్కన పెట్టొద్దని చెప్పండి. బటన్ నొక్కితే వచ్చే మనిషి లోపలికి రాగలగాలి కదా, ఒక తాళంచెవి దగ్గర్లో ఎవరి దగ్గరైనా ఉండాలి. అది ఎవరి దగ్గర ఉంచాలో అమ్మగారినే అడగండి.